కుంకుమ బొట్టు నల్లగా ఎందుకు పడింది?

చెన్నై సెంట్రల్ స్టేషన్ నుంచి బయటికొస్తే ఒకే రోడ్డు మీద రెండు పెద్ద భవనాలు కనిపిస్తాయి. ఒకటి 1873 నాటి ఎర్రటి సెంట్రల్. ఇంకోటి 1913లో పూర్తయిన తెల్లటి రిప్పన్ బిల్డింగ్, నగర కార్పొరేషన్ ఆఫీసు. నెల్లూరు నుంచో విజయవాడ నుంచో పొద్దున్నే రైలు దిగినవాళ్లు అక్కడ నిలబడి ఒక ఫోటో తీసుకోవడం మామూలే. ఆ ఫోటోని ఫోన్‌లోనే ‘మోనో’ నొక్కి నలుపు-తెలుపులోకి మార్చి చూడండి. రిప్పన్ బిల్డింగ్‌కి పెద్దగా ఏమీ కాదు. సెంట్రల్ మాత్రం చప్పబడిపోతుంది. ఎర్రగోడకి అడ్డంగా ఒక చెట్టు పడిందనుకోండి, కంటికి అంత విడివిడిగా కనిపించిన ఎరుపూ ఆకుపచ్చా ఇంచుమించు ఒకే బూడిదరంగై ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి.

బ్లాక్ అండ్ వైట్ ఫోటోల గురించి ఎవరు రాసినా ఒక మాట తప్పకుండా ఉంటుంది: రంగులు తీసేస్తే ఆత్మ మిగులుతుందని. వినడానికి బాగుంటుంది. కానీ రంగు తీసేయడంలోనే మంత్రం ఉంటే సెంట్రల్ ఫోటో కూడా గొప్ప ఫోటో అయిపోవాలి కదా? అసలు నలుపు-తెలుపు ఫోటోలో రంగు ఎక్కడికీ పోదు. ప్రతి రంగూ ఏదో ఒక బూడిదగా మారి అక్కడే కూర్చుంటుంది. ఏది లేత బూడిద, ఏది ముదురు బూడిద అవ్వాలన్నది ఎవరో ఒకరు తేల్చాలి: ఫిల్మ్ మీది రసాయనమో, ఫోన్‌లోని లెక్కో, ఫోటో తీసే మనిషో. ఈ కళంతా ఆ తేల్చడంలోనే ఉందని నా అభిప్రాయం. చూసేవాళ్లకి కలిగే భావాల్లో సగమైనా అక్కణ్నుంచే పుడతాయి.

ముందు ఫోన్ చేసే లెక్క సంగతి. టీవీల కాలం నుంచి వాడుకలో ఉన్న ఒక సూత్రం ప్రకారం వెలుగు మొత్తంలో ఆకుపచ్చకి సుమారు 59 పాళ్లు, ఎరుపుకి 30, నీలానికి 11 పాళ్లు వేస్తారు. ఇదేమీ ఇష్టమొచ్చినట్టు వేసింది కాదు. మన కంటికి ఆకుపచ్చ అన్నిటికంటే ప్రకాశంగా, నీలం అన్నిటికంటే మసకగా అనిపిస్తుంది కాబట్టి ఆ పాళ్లు. చిక్కేమిటంటే, ఒక రకం ఎరుపూ ఒక రకం ఆకుపచ్చా ఈ లెక్కలో ఒకే అంకె దగ్గరికి వచ్చి ఆగుతాయి. రంగులో ఎంత దూరమున్నా వెలుగులో సమానం. ఫోన్‌కి వెలుగు ఒక్కటే తెలుసు.

ఫిల్మ్ రోజుల్లో దీనికి మందు లెన్స్ మీద బిగించే రంగు గాజు. ఏ రంగు ఫిల్టర్ పెడితే ఆ రంగు వస్తువులు ఫోటోలో లేతబడతాయి, దానికి ఎదురు రంగులో ఉన్నవి ముదురుతాయి. ఎర్ర ఫిల్టర్ పెట్టి సెంట్రల్‌ని తీస్తే ఇటుక తేలికపడుతుంది, ఆకులు ముదురుతాయి, వెనక నీలాకాశం దాదాపు నల్లబడుతుంది. అదే ఫిల్టర్‌తో రిప్పన్ బిల్డింగ్ తీస్తే నల్లటి ఆకాశం ముందు తెల్లగా ధగధగలాడుతుంది. నీలం ఫిల్టర్ పెడితే అంతా తల్లకిందులు: ఇటుక బొగ్గులా, ఆకాశం తెల్లకాగితంలా. ఒకే చోటు, ఒకే పది నిమిషాలు. ఒక ఫోటోలో తుపాను ముంచుకొస్తున్నట్టుంటుంది, ఇంకోదాన్లో అదే భవనం ఎండలో మాడి నీరసపడినట్టుంటుంది. వీటిలో ఏది నిజం అని అడిగితే జవాబు లేదు. కలర్ ఫోటోని కనీసం “గోడ నిజంగా ఆ రంగే” అని సరిచూసుకోవచ్చు. నలుపు-తెలుపులో ఆ సౌకర్యం లేదు.

ఈ తేల్చే పని మొదట్లో మనిషి చేతిలో లేదు. 19వ శతాబ్దపు ఫోటో ప్లేట్లకి, అంటే ఫిల్మ్‌కి ముందు వాడిన మందు పూసిన గాజు పలకలకి, నీలం, ఊదా తప్ప వేరే రంగులు దాదాపు కనబడేవే కావు. ఆకాశం నుంచి వచ్చేది ఎక్కువగా నీలపు వెలుగు కాబట్టి ఫోటోలో అది పూర్తిగా తెల్లగా తేలిపోయేది, మబ్బు జాడ కూడా ఉండేది కాదు. 1850ల చివర్లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫోటోగ్రాఫర్‌గా మదురై, తంజావూరు తిరిగి గుళ్లూ కోటలూ తీసిన లిన్నేయస్ ట్రైప్ ఈ బోసి ఆకాశం భరించలేక, కొన్ని నెగిటివ్‌ల మీద మబ్బుల్ని చేత్తో దిద్దాడు. ఫోటో అంటే ఉన్నది ఉన్నట్టు అని నమ్మేవాళ్లు ఆ తారీఖు గమనించాలి. మన ఊళ్లో ఫోటోగ్రఫీ పుట్టినప్పుడే ‘ఎడిటింగ్’ కూడా పుట్టింది.

తెలుగువాళ్ల ఇళ్లలో మిగిలిన పాతకాలపు ఫోటోలు ఈ దృష్టితో చూస్తే చాలా సంగతులు తేలతాయి. ముత్తవ్వల నుదుటి మీద బొట్టు కాటుకంత నల్లగా ఉంటుంది. ఎరుపు ఆ ప్లేటుకి వెలుగే కాదు, అందుకని నలుపుగా పడింది. ముఖానికి పసుపు రాసుకునే అలవాటున్నవాళ్లు ఫోటోలో అసలు కంటే ముదురుగా పడేవారు, ఎందుకంటే పసుపు నీలాన్ని తినేస్తుంది. చర్మం కూడా నీలం కంటే ఎరుపునే ఎక్కువగా వెనక్కి పంపుతుంది కాబట్టి ఒంటిరంగు ఒకటి రెండు మెట్లు దిగిపోయి, మచ్చలూ ముడతలూ పైకి తేలేవి. దానికి తోడు సెకన్ల కొద్దీ కదలకుండా కూర్చోవాలి. పాత ఫోటోల్లో పెద్దవాళ్లంతా కోపిష్టులుగా కనిపిస్తారని మనం నవ్వుకుంటాం గానీ, ఆ కోపంలో కొంత వాటా ప్లేటుదే.

1873లో హెర్మన్ వోగెల్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ప్లేటు మీది మందులో కొన్ని అద్దకపు రంగులు కలిపితే దానికి ఆకుపచ్చ కూడా కనబడుతుందని కనిపెట్టాడు. ఎరుపుతో సహా అన్నీ చూడగల పాంక్రోమాటిక్ ఫిల్మ్ స్టూడియోల్లో మామూలు కావడానికి ఆ తర్వాత ఇంకొన్ని దశాబ్దాలు పట్టింది. అప్పటిదాకా ముఖాన్ని ‘సరిచేసే’ పని పెన్సిల్‌ది. నెగిటివ్ మీద ముఖం భాగంలో సన్నటి పెన్సిల్‌తో గీస్తే అక్కడ వెలుగు ఆగుతుంది, ప్రింట్‌లో ఆ చోటు తెల్లబడుతుంది. మచ్చలు పోగొట్టడానికి వచ్చిన ఈ విద్య మన దగ్గర ఒంటిరంగు తగ్గించడానికి ఎంతగా పనికొచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. పెళ్లి సంబంధాలకి పంపే ఫోటో అంటే ఇప్పటికీ అదే తంతు, పరికరం మారిందంతే.

రసాయనం చేతిలోంచి నిర్ణయం మనిషి చేతికి వచ్చాక దాన్ని ఒక పద్ధతిగా రాసిపెట్టినవాళ్లలో అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఏన్సెల్ ఆడమ్స్ ముఖ్యుడు. 1940 ప్రాంతంలో ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి, కటిక నలుపు నుంచి శుద్ధ తెలుపు దాకా 0 నుంచి 10 వరకు 11 మెట్లు గీశాడు. షట్టర్ నొక్కకముందే ఎదురుగా ఉన్న ప్రతి వస్తువూ ఏ మెట్టు మీద కూర్చోవాలో అనుకోవాలి, దాన్ని బట్టే ఎక్స్‌పోజర్ (ఫిల్మ్ మీద పడనిచ్చే వెలుగు) ఇవ్వాలి, దాన్ని బట్టే డెవలప్ చేయాలి. మొదట పియానో నేర్చుకున్న మనిషి కాబట్టి నెగిటివ్‌ని రాసిపెట్టిన స్వరలిపితోనూ, ప్రింట్‌ని దాని కచేరీతోనూ పోల్చేవాడు. 1941లో హెర్నాండెజ్ అనే చిన్న ఊరి మీద చంద్రోదయాన్ని తీసిన ఆయన ప్రసిద్ధమైన ఫోటోనే తీసుకోండి. తొలి ప్రింట్లలో ఆకాశం బూడిదగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అదే నెగిటివ్ నుంచి వేసిన ప్రింట్లలో ముదిరి ముదిరి దాదాపు నలుపైపోయింది. మార్గశిరంలో మైలాపూర్ సంగీత సభల చుట్టూ తిరిగేవాళ్లకి ఇది అర్థం కావడం కష్టం కాదు. కీర్తన అదే, పాడే మనిషి వయసు మారింది.

ఇక్కడిదాకా కళ సంగతి. నలుపు-తెలుపు చూస్తే మనసులో ఏదో కదులుతుందంటారే, అది ఎక్కణ్నుంచి వస్తుంది? దీనికి ఒక జవాబు కంట్లోనే ఉంది. కంటిపొరలో రంగు గుర్తుపట్టే శంకు కణాలు సుమారు 60 లక్షలు. రంగు తెలియని, వెలుగు మాత్రమే తెలిసిన దండ కణాలు సుమారు 12 కోట్లు. శంకులకి మంచి వెలుతురు కావాలి. సాయంత్రం చీకటి పడేకొద్దీ అవి ఒక్కొక్కటే పని మానుకుంటాయి, దండ కణాలు బాధ్యత తీసుకుంటాయి. పెరట్లో మందార చెట్టు ఉంటే సంజెవేళ చూడండి: పువ్వు ముందు నల్లబడుతుంది, ఆకులు ఇంకాసేపు తేటగా ఉంటాయి. 19వ శతాబ్దంలో దీన్ని గమనించిన చెక్ శాస్త్రవేత్త పేరు మీద దీన్ని పుర్కింజే ప్రభావం అంటారు. ఇంకా చీకటి పడితే రంగులు తెలియనే తెలియవు. అంటే ప్రతి మనిషీ ప్రతి రాత్రీ కాసేపు నలుపు-తెలుపులోనే చూస్తాడు. గుసగుసలు, దొంగచూపులు, దయ్యాల భయాలు, డాబా మీద పడుకుని చెప్పుకున్న కబుర్లు అన్నీ ఆ చూపుకి సంబంధించినవే. రంగు లేని బొమ్మని చూడగానే గొంతు తగ్గించాలనిపించడానికి ఇదొక కారణమై ఉండొచ్చని నా ఊహ.

మన సినిమాలో దీనికి సాక్ష్యం ‘మాయాబజార్’ పడవ పాట. 1957లో వడపళని విజయా-వాహినీ వాళ్లకి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే దీపాలతో సృష్టించిన ఆ వెన్నెలని ఇప్పటికీ మెచ్చుకోనివాళ్లు లేరు. రంగు లేకపోయినా అంత బాగుంది అంటారు చాలామంది. నేనైతే రంగు లేదు కాబట్టే అది వెన్నెల అంటాను. నిజం వెన్నెల్లో నిలబడితే పక్కవాళ్ల చీర రంగు చెప్పలేం, నీటి మీద తళుకు, ముఖం అంచున ఒక గీత మాత్రం కనిపిస్తాయి. బార్ట్లే ఇచ్చింది సరిగ్గా అంతే. 2010లో సినిమాకి రంగులద్ది విడుదల చేసినప్పుడు ఆ పాటలో కంటికి అందకూడని రంగులు అందాయి. అలాగని రంగుల వెర్షన్ని మొత్తంగా తీసిపారేయను. ఘటోత్కచుడి పెళ్లిభోజనం రంగుల్లోనే నోరూరిస్తుంది. బూడిదరంగు లడ్డూ ఎవరికి కావాలి?

రెండో జవాబు అందరూ చెప్పేదే: జ్ఞాపకం. పాత ఆల్బమ్‌లన్నీ నలుపు-తెలుపు కాబట్టి అవి చూస్తే పాతరోజులు గుర్తొస్తాయని. ఇది నిజమే గానీ అందులో ఒక మెలిక ఉంది. ఆ ఫోటోలు తీయించుకున్నవాళ్లకి నలుపు-తెలుపు మీద ప్రేమేమీ లేదు. కలర్ ఫిల్మ్ ఖరీదు, దొరకడం కష్టం. 1960లో ఊటీలో పెట్టిన ప్రభుత్వ కర్మాగారం హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో నలుపు-తెలుపు సరుకు తయారుచేసింది కాబట్టి చాలామంది అదే వాడారు. కాస్త డబ్బున్నవాళ్లు స్టూడియోకి అదనంగా ఇచ్చి ప్రింట్ మీద చేత్తో రంగులు వేయించుకునేవారు: పెదాలకి గులాబీ, నగలకి పసుపు, చీర అంచుకి ఆకుపచ్చ. ఇప్పుడు మనం కలర్‌లో తీసినవాటిని పనిగట్టుకుని నలుపు-తెలుపు చేసుకుంటున్నాం. వాళ్లకి కొరతగా అనిపించింది మనకి హుందాగా అనిపిస్తోంది. దుఃఖం, గాంభీర్యం బూడిదరంగులో పుట్టుకతో ఉన్న గుణాలైతే మన తాతలకి కూడా అలాగే అనిపించి ఉండాలి. దినపత్రికల్లో శ్రద్ధాంజలి ప్రకటనలు, గోడ మీద దండ వేసిన పటాలు, రంగులొచ్చాక పాతబడిన సినిమాలు చూసి చూసి మనం నేర్చుకున్న భావమిది. నేర్చుకున్నదైనంత మాత్రాన అబద్ధమని కాదు. మాతృభాష కూడా నేర్చుకున్నదే.

అందుకే పెళ్లి ఆల్బమ్‌ల దగ్గర ఇళ్లలో తగువు వస్తుంది. చెన్నైలో ఇప్పుడు పెళ్లి ఫోటోలు తీసేవాళ్లు కొన్నిటిని నలుపు-తెలుపు చేసి ఇవ్వడం ఫ్యాషన్. తెలిసినవాళ్లింట్లో పెళ్లికూతురి పెద్దమ్మ అలాంటి పేజీ తిప్పి, “అదేంటే, టీ.నగరంతా తిరిగి కొన్న చీర బూడిదలో ముంచినట్టుందే!” అంది. పిల్లలు నవ్వారు, పెద్దమ్మకి ఆర్ట్ తెలియదని. నన్నడిగితే పెద్దమ్మదే రైటు. కంచిపట్టులో పేరున్న కొర్వై చీరల గొప్పంతా ఒంటికీ అంచుకీ మధ్యనున్న రంగుల వైరంలో ఉంది. కుంకుమరంగు ఒంటికి ఆకుపచ్చ అంచు వేయడానికి నేతగాళ్లు మూడు నాడెలతో రెండు రంగుల పోగుల్ని ముడివేస్తూ నేస్తారు. అంత శ్రమపడి విడదీసిన రెండు రంగుల్ని ఫోన్ లెక్క ఒక్క క్షణంలో ఒకే బూడిదలో కలిపేస్తుంది. జరీ ఒక్కటి బతికి బయటపడుతుంది, దానిది మెరుపు కాబట్టి.

ఈ పెద్దమ్మ వాదాన్నే పెద్ద స్థాయిలో చెప్పినవాడు రఘుబీర్ సింగ్. జైపూర్‌లో పుట్టి, భారతదేశాన్ని జీవితమంతా కలర్‌లోనే తీసిన ఫోటోగ్రాఫర్, 1999లో పోయాడు. భారతీయుల చూపు రంగుతో ముడిపడినదని, నలుపు-తెలుపు పాశ్చాత్యుల ఒంటరితనం, అపరాధభావం, మృత్యుచింతల నుంచి వచ్చిందని ఆయన వాదన. సగం ఒప్పుకుంటాను. మిగతా సగానికి నా అభ్యంతరం ముగ్గు. తడి నేల మీద తెల్లటి పిండి గీత కంటే మనది అనదగ్గ నలుపు-తెలుపు ఏముంది? తిరువణ్ణామలై సంగతి కూడా ఉంది. 1950 ఏప్రిల్ 14న రమణ మహర్షి పోయినప్పుడు ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే-బ్రెసాఁ అక్కడే ఉన్నాడు, ఆ చివరి రోజుల్ని నలుపు-తెలుపులో తీశాడు. తెల్ల కౌపీనం, నెరిసిన జుట్టు, నెరిసిన గడ్డం. ఆ ఫోటోల్లో రంగు లేదని ఎవరికీ లోటు అనిపించదు, మనిషే ముందుగా రంగులన్నీ వదిలేసి కూర్చున్నాడు.

రంగు ఉంటే ఏమవుతుంది, లేకపోతే ఏమవుతుంది అని పక్కపక్కన పెట్టి చూసే అవకాశం అరుదు. 1984 డిసెంబర్‌లో భోపాల్ అలాంటి అవకాశం ఇచ్చింది, ఇవ్వకుండా ఉంటే బాగుండేది. విషవాయువుకి చనిపోయిన పేరు తెలియని ఒక పసిబిడ్డని పూడ్చిపెడుతుండగా పాబ్లో బార్తలోమ్యూ కలర్‌లో, రఘు రాయ్ నలుపు-తెలుపులో తీశారు. ఇద్దరి ఫోటోలూ ప్రపంచమంతా చూసింది. కలర్ ఫోటోకి ఆ ఏటి వరల్డ్ ప్రెస్ ఫోటో అత్యున్నత పురస్కారం వచ్చింది. కలర్‌లో చూసినప్పుడు అది ఆ ఊళ్లో, ఆ మట్టిలో, ఆ రోజు జరిగిన నేరం. మట్టి రంగూ ఒంటి రంగూ పక్కపక్కనే కనిపించి కడుపులో తిప్పుతుంది. నలుపు-తెలుపులో చూస్తే మట్టీ ముఖమూ ఒకే పదార్థంతో చేసినట్టుంటాయి. తారీఖు జారిపోతుంది, ఎక్కడైనా ఎప్పుడైనా చనిపోయిన బిడ్డగా మారిపోతుంది. అందుకే అది ఎక్కువ కాలం గుర్తుంటుందని కొందరంటారు. నాకు ఇందులోనే భయం కూడా కనిపిస్తుంది. ఎక్కడైనా జరిగేదే అనిపించినచోట, ఇక్కడ ఎవరు చేశారన్న ప్రశ్న కాస్త మెత్తబడుతుంది. రెండూ ఉండటమే మంచిదైంది.

ఆ మెత్తబడటం చిన్న స్థాయిలో ప్రతి ఆదివారం చెన్నైలో జరుగుతూనే ఉంటుంది. కాసిమేడు రేవులో వల బాగుచేస్తున్న మనిషి, మైలాపూర్ మాడవీధిలో ముడతల ముఖం తాతగారు, పూలు కట్టే అవ్వ. కెమెరాలు మెడలో వేసుకుని వచ్చేవాళ్లు వాళ్లని తీసి, కాంట్రాస్ట్ పెంచి, ముడతల్ని గండ్లుగా మార్చి, కింద ఏదో తత్వం రాస్తారు. పేదరికం చూడటానికి అందమైన గరుకుతనంగా మారిపోతుంది. ఆ అవ్వ చేతిలో కనకాంబరాలున్నాయి! ఆ నారింజరంగు తీసేశాక ఆమె పనిలో మిగిలేదేమిటి?

అదే మైలాపూర్‌లో నలుపు-తెలుపు నిజంగా అక్కరకొచ్చేది కపాలీశ్వరుడి గోపురానికి. దాదాపు 120 అడుగుల ఎత్తు, నిండా సున్నపు బొమ్మలు, ప్రతి బొమ్మకీ రంగులు. కలర్ ఫోటోలో కన్ను ఒక నీలం నుంచి ఒక ఎరుపుకి గెంతుతూ అలిసిపోతుంది, ఏ చెయ్యి ఏ దేవుడిదో తెలియదు. ఎండ ఏటవాలుగా ఉండి బొమ్మల పక్కన నీడలు పడ్డప్పుడు తీసి, రంగుల్ని బూడిదలోకి దించితే బొమ్మలు ఒక్కొక్కటే గుండ్రంగా బయటికొస్తాయి, భుజం, మోకాలు, వీణ. రంగు చేసే గొడవ తగ్గి, శిల్పి చేసిన పని కనిపిస్తుంది. ఏదైనా దృశ్యానికి నలుపు-తెలుపు నప్పుతుందా అని తేల్చుకోవడానికి నేను చూసేది ఇదే: అక్కడ విషయాన్ని మోస్తున్నది వెలుగూ నీడా, లేక రంగా? మహాబలిపురం రాయికి వెలుగే. కొర్వై చీరకి రంగే. కొన్నిటికి రెండూ, అప్పుడే టెన్షన్.

ఫోన్‌లో చేసేవాళ్లు ‘మోనో’ బటన్ దగ్గరే ఆగిపోనక్కర్లేదు. స్నాప్‌సీడ్ అనే ఫోటో ఎడిటింగ్ యాప్‌లో బ్లాక్ అండ్ వైట్ తెరిస్తే ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల గుండ్రాలు కనిపిస్తాయి. లైట్‌రూమ్ అనే ఇంకో యాప్‌లో ఎనిమిది రంగులకి విడివిడిగా స్లైడర్లున్నాయి. ఎరుపుని కాస్త పైకి, ఆకుపచ్చని కాస్త కిందికి జరిపితే పెద్దమ్మ చీర అంచు కూడా తిరిగి దొరుకుతుంది. ఇదంతా సాధ్యం కావడానికి కారణం కెమెరాలో వెలుగుని పట్టే సెన్సర్ మీద పరిచిన ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల గళ్లు. 1976లో కొడాక్ ఇంజినీర్ బ్రైస్ బేయర్‌కి పేటెంట్ వచ్చిన ఆ అమరికలో సగం గళ్లు ఆకుపచ్చవే. ఫోటో ఎలా కనిపించినా రంగుల సమాచారం కలర్‌లో తీసిన అసలు ఫైల్‌లో ఉంటుంది.

ఆ గళ్లే లేని కెమెరాలు కూడా ఇప్పుడున్నాయి. లైకా 2012లో, పెంటాక్స్ 2023లో రంగు అసలే తెలియని కెమెరాలు తెచ్చాయి. సెన్సర్ మీద వెలుగుని ఏ రంగు గడీ ఆపదు కాబట్టి చీకట్లో బాగా పనిచేస్తాయి, సన్నటి వివరాలు ఇంకా తేటగా వస్తాయి. ధర మాత్రం కలర్ కెమెరా కంటే తక్కువేమీ కాదు. అవి కొన్నవాళ్లు పాత పద్ధతిలో లెన్స్‌కి మళ్లీ పసుపు ఫిల్టరో ఎర్ర ఫిల్టరో బిగించుకుంటున్నారు. షట్టర్ పడ్డాక ఆ ఫైల్‌లో ఏది కుంకుమో ఏది కాటుకో చెప్పే సమాచారం ఉండదు, ఇంటికొచ్చి జరపడానికి స్లైడర్లూ ఉండవు.